నక్షత్రం ఎవరు కట్టారు?

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు ఒక తల్లి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో హాస్టళ్లతో జూనియర్ కాలేజీలు నడుపుతున్న గౌరవనీయులైన యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, డీన్లకు, హాస్టల్ వార్డెన్లకు,



మొన్న నా ఫోనుకు మా అమ్మాయి చదివే కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. డిసెంబరు 25 సెలవు, ఔటింగ్ లేదు, స్టడీ అవర్స్ మామూలుగానే జరుగుతాయి, తల్లిదండ్రులు సహకరించాలి అని. పోయిన ఏడాదీ ఇదే వచ్చింది. అప్పుడు సహకరించాను. ఈ ఏడాది నావల్ల కాదు. ఎందుకు కాదో ఒక్క కాలేజీకి చెప్పుకుంటే అది ఒక తల్లి గొడవగా మిగిలిపోతుంది. అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

సెలవు అంటే మీ దృష్టిలో ఏమిటండీ? తరగతి గదికి తాళం వేసి, అదే పిల్లల్ని అదే భవనంలో పై అంతస్తు స్టడీ హాల్లో కూర్చోబెడితే అది సెలవు అవుతుందా? ప్రభుత్వం క్రిస్మస్ సెలవు ఇచ్చింది గదులకా, పిల్లలకా?

పోయిన ఏడాది డిసెంబరు 24న నేనూ మావారూ టిఫిన్ డబ్బాలో అరిసెలు, చక్రాలు సర్దుకుని సత్తెనపల్లిలో బస్సెక్కి హాస్టల్ దగ్గరికి వెళ్లాం. బయటి తిండి లోపలికి పోనివ్వం అన్నారు. పోనీ ఒకసారి పాపను చూసి పోతామంటే ఆదివారం రండి అన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ పెద్దాయన. ఆయన తప్పేమీ లేదు. డబ్బా మూత మీద ఉన్న నా చేతుల వంక చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. తిరిగి ఇంటికొచ్చాం. రాత్రి ఏడున్నరకు పాప ఫోన్ చేసింది. ఐదు నిమిషాల స్లాట్. అంతకుముందు వారం రాసిన పరీక్షలో మార్కుల సంగతి చెబుతుందేమో అనుకున్నాను. "అమ్మా, నక్షత్రం ఎవరు కట్టారు?" అని అడిగింది.

ఎవరూ కట్టలేదు. బజార్లో ప్లాస్టిక్ నక్షత్రం ఒకటి కొనుక్కొచ్చి వసారాలో వేలాడదీశాం. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాన్న కట్టారమ్మా అని అబద్ధం చెప్పాను. పండగ పూట, కన్నబిడ్డకు.

ఆ ప్రశ్న ఎంత బరువో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. తెలియాలి. ఎందుకంటే ఆ పిల్లలకు తల్లీ తండ్రీ తామేనని అడ్మిషన్ రోజున మాతో చెప్పింది మీరే.

మాది పల్నాడు. 1842లో మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చిన తర్వాత ఈ చుట్టుపక్కల పల్లెల్లో లూథరన్ సంఘాలు పుట్టాయి. మా తాతల తాతలు వాటిలో చేరినవాళ్లు. కాబట్టి క్రిస్మస్ మేము టీవీలో చూసి నేర్చుకున్న పండగ కాదు. మంచు కురవడం, బొచ్చు టోపీలు మా పండగలో లేవు. మా పండగలో ఉన్నది పత్తి. డిసెంబరంటే పత్తి తీతలు. అమ్మా, పిన్నమ్మలూ తెల్లారకముందే చేలకు పోయేవాళ్లు. తీసిన పత్తికి కిలోకింత అని కూలి. ఆ కూలి డబ్బులే మా కొత్త బట్టలు. ఊళ్లో దర్జీ సాయిబుగారు రంజాన్‌కు ఎట్లా మేలుకునేవాడో క్రిస్మస్‌కూ అట్లాగే మేలుకునేవాడు. 24 సాయంత్రం గుండీలు కుట్టకుండా తెచ్చుకుని, ఇంట్లో అమ్మ దీపం దగ్గర కుట్టిన గౌన్లు నాకింకా గుర్తే.

నెల మొదట్లో ఇంటికి సున్నం. నానిన సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి గోడలకు కొడితే ఇల్లు చల్లగా మెరిసేది. ఆ తర్వాత నక్షత్రం. నాన్న వెదురు బొంగు చీల్చి, కణుపులు చెక్కి, ఐదు మూలల చట్రాలు రెండు కట్టేవాడు. రెంటినీ కలిపి కట్టి, నడుమ బల్బు పట్టేంత ఎడం ఉండేట్టు చిన్న చిన్న పుల్లలు దూర్చేవాడు. రంగు కాగితాలు అతికించడం మా పిల్లల వంతు. మైదాపిండి ఉడకబెట్టిన జిగురులో రవ్వంత మైలుతుత్తం కలపకపోతే రాత్రికి రాత్రే బొద్దింకలు కాగితం కొరికేస్తాయి. ఇది నాకు ఏడేళ్లప్పుడే తెలుసు. నక్షత్రాన్ని పొడుగాటి గెడకు కట్టి పైకి లేపుతుంటే వీధి వీధంతా కింద నిలబడి ఇటు, ఇటు అని అరిచేవాళ్లు. ఒక ఏడాది కరెంటు పోయిందని లోపల కొవ్వొత్తి పెట్టి నక్షత్రాన్ని తగలబెట్టుకున్నాం. నాన్న ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే బొంగు చీలుస్తూ కూర్చున్నాడు.

అరిసెల పాకం నాయనమ్మది. కొత్త బియ్యం నానబోసి, తడి ఆరకముందే దంచి జల్లించి సిద్ధంగా పెట్టుకుని, పొయ్యి మీద బెల్లం ఉడుకుతుంటే ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని, ఒక చుక్క పాకం వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసేది. ఏ క్షణాన దించాలో ఆమె వేళ్లకే తెలుసు. మొదటి వాయి పళ్లెంలో పెట్టి గుడ్డ కప్పి, మాచేత పై వీధి ఇళ్లకు పంపేది. కొన్ని ఇళ్లు తీసుకునేవి, సంక్రాంతికి ఆ పళ్లెంలోనే తిరిగి పెట్టి పంపేవి. కొన్ని ఇళ్లు తీసుకునేవి కావు. అదీ చూస్తూనే పెరిగాం.

ఇక రాత్రుళ్లు కేరల్స్. ముందు పెట్రోమాక్స్ లైటు, వెనక డోలక్, తాళాలు, వాటి వెనక నిద్రమొహాలతో మేము. ఇంటింటి ముందూ ఆగి ఒక పాట, ఒక ప్రార్థన, కాసిని టీ నీళ్లు. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. మా పల్లెలో ఆ రాగాల పేర్లు తెలిసినవాళ్లు లేరు. ఆ రాగాలు రానివాళ్లూ లేరు. అక్షరం ముక్క రాని నాయనమ్మకు పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు చరణాలతో సహా నోటికి వచ్చేవి. 24 రాత్రి చర్చిలో సండే స్కూలు పిల్లల నాటిక. దూతల రెక్కలకు అమ్మల తెల్లచీరలు, గొల్లలకు నిజమైన గొర్రెలకాపరుల దగ్గర అడిగి తెచ్చిన గొంగళ్లు, తూర్పుదేశపు జ్ఞానులకు సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితంతో కిరీటాలు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొట్టేవారు. చలికి వణుకుతూ తలంటు పోసుకుని, కొత్తబట్టల వాసనతో చీకట్లో చర్చికి నడిచేవాళ్లం.

అయ్యా, ఇందులో ప్రతి పనికీ ఒక వయసు ఉంది. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్న విషయం అదే. ఐదేళ్ల పిల్ల దూత. పదేళ్లకు గొల్ల. పన్నెండేళ్లకు లూకా సువార్త రెండో అధ్యాయం పుస్తకం చూడకుండా చెప్పాలి. పదహారు, పదిహేడు వచ్చేసరికి కేరల్స్‌లో పాట ఎత్తుకోవాలి. చిన్నవాళ్లకు నాటిక నేర్పాలి. నాయనమ్మ పక్కన పీట వేసుకుని పాకం చూడాలి. నక్షత్రానికి కాగితం అతికించి గెడకు ముడి వేయాలి. మా ఇంట్లో చట్రం మావారు కడతారు, మిగిలిన పనంతా పాపది. అంతవరకు పండగ చూసిన పిల్లలు పండగ చేసేవాళ్లుగా మారే వయసు అది. సరిగ్గా ఆ రెండు డిసెంబర్లూ మీ దగ్గర గడుస్తున్నాయి.

పోయిన ఏడాది మా చర్చిలో పిల్లల నాటిక జరగలేదు. నేర్పేవాళ్లు లేరు. సంఘంలో ఇంటర్ చదివే పిల్లలు తొమ్మిదిమంది ఉంటే తొమ్మిదిమందీ ఏదో ఒక హాస్టల్లో ఉన్నారు. కేరల్స్‌లో పాట ఎత్తుకోవడానికి అరవై దాటిన మా మావయ్యగారే మళ్లీ ముందు నడవాల్సి వచ్చింది. దూత వేషం వేస్తానని అమ్మ చీర దాచిపెట్టుకున్న ఒక ఐదేళ్ల పిల్ల మా ఎదురింట్లో ఉంది. ఆ పిల్ల మీ కాలేజీ విద్యార్థిని కాదు, మీకు ఫీజు కట్టలేదు, మీ రూలు పుస్తకంలో ఎక్కడా లేదు. అయినా మీ నిర్ణయం ఆ పిల్ల దాకా వచ్చింది. ఒక హాస్టల్ గేటు వేస్తే ఊళ్లో ఏమేమి ఆగిపోతాయో మీరెప్పుడైనా లెక్క చూసుకున్నారా?

ఇప్పుడు రెండేళ్లు అని కూడా అనలేం. మీలో కొందరు ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ పేరుతో పిల్లల్ని హాస్టళ్లలో చేర్చుకుంటున్నారు. ఆరు నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడు క్రిస్మస్‌లు. ఇల్లు విడిచి పైచదువులకు, ఉద్యోగాలకు పోయేలోపల ఒక బిడ్డకు బుద్ధి తెలిసి ఇంట్లో గడిపే క్రిస్మస్‌లు అసలు ఎన్ని?

మా కాలేజీలో క్రైస్తవ పిల్లలు ఎందరున్నారండీ, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు అని ఒక ఏవోగారు నాతో అన్నారు. ఏ రిజిస్టరు చూసి అన్నారు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. ఒకే పేటలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, ఒకరి కాగితం ఒక తీరుగా, ఇంకొకరిది ఇంకో తీరుగా ఉంటుంది. అమ్మ ఆదివారం చర్చికి పోతుంది, నాన్న పోలేరమ్మకు పొంగలి పెడతాడు, పిల్లలు రెండు చోట్లా ఉంటారు. 24 రాత్రి బిడ్డ ఎక్కడ ఉండాలనుకుంటుందో మతం గడి చెప్పదు. అడిగితే బిడ్డే చెబుతుంది. మీరు అడిగారా? పోనీ, నిజంగా పదిమందే ఉన్నారనుకుందాం. వెయ్యిమందిని పంపడం కన్నా పదిమందిని పంపడం తేలిక కదా?

సంక్రాంతికి పంపుతున్నాం కదా అంటారు. పంపండి, సంతోషం. కానీ మా ఇల్లు నిండేది డిసెంబరులో. హైదరాబాదులో, బెంగళూరులో పనులు చేసుకునే మా మరుదులు, ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు క్రిస్మస్‌కు వచ్చి, జనవరి ఒకటి ఆరాధన చూసుకుని వెళ్లిపోతారు. సంక్రాంతికి పాప వచ్చేసరికి ఇంట్లో మేమిద్దరం, మా అత్తమామలు మిగులుతాం. తోబుట్టువుల లాంటి ఆ పిల్లల్ని మా పాప చూసి రెండేళ్లవుతోంది. రంజాన్ రోజున గేటు బయట నిలబడి వెనక్కి పోయిన ఒక తల్లిని కూడా నేను చూశాను. ఆమె కోసమూ అడుగుతున్నాను.

పోయిన ఏడాది 23వ తేదీన డైనింగ్ హాల్లో కేకు కోసి, పిల్లలకు ఎర్రటోపీలు పెట్టి ఫొటోలు తీసి మాకు పంపారు. ఆ ఫొటోలో మా అమ్మాయి రెండో వరసలో ఉంది. పిల్లలకు అంతమాత్రం చేసినందుకు మీకు నిజంగానే కృతజ్ఞురాలిని. కానీ ఆ సాయంత్రం పిల్లలు చేసిన పని ఏమిటి? నిలబడ్డారు, చప్పట్లు కొట్టారు, ముక్క తిన్నారు. ఎనిమిదింటికి స్టడీ హాలుకు వెళ్లారు. వాళ్ల చేతికి జిగురు అంటలేదు, గొంతు బొంగురుపోలేదు, ఇంకొక బిడ్డకు వాళ్లు ఏమీ నేర్పలేదు.

జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత ఉంది, ఆ పైన ప్రాక్టికల్స్, ఆ పైన బోర్డు పరీక్షలు, ఈ సమయంలో ఇల్లంటే ఎట్లా అంటారు. ఆ భయం నాకూ ఉంది. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని, పరీక్ష అంటే ఏమిటో తెలియనిదాన్ని కాను. నేను అడుగుతున్నది ఏడాదికి మూడు రోజులు. రెండేళ్లకు ఆరు. ఏడువందల ముప్ఫై రోజుల్లో ఆరు రోజులు ఇంట్లో ఉంటే పోయే ర్యాంకు, మీరు అన్ని లక్షలు తీసుకుని చెప్పిన చదువుతో నిలబడుతుందా? నిద్ర సరిపోక, ఇంటి మీద బెంగతో తెల్లకాగితం ముందు కూర్చున్న పిల్లకు ఆ మూడు రోజుల స్టడీ అవర్స్‌లో ఎంత ఎక్కుతుందో ఒక టీచర్‌గా మిమ్మల్ని అడుగుతున్నాను.

నేనూ హాస్టల్లో పెరిగినదాన్నే. మేము బోర్డింగు అనేవాళ్లం. మిషన్ వాళ్లది. తిండి అంతంతమాత్రం, క్రమశిక్షణ చాలా కఠినం. కానీ డిసెంబరులో అర్ధ సంవత్సరం పరీక్షలు ముగిసిన మర్నాడు మేట్రన్ అమ్మగారు మా ట్రంకుపెట్టెలు సర్దించి, ఏ ఊరి పిల్లలు ఏ బస్సెక్కాలో చీటీలు రాసి, పెద్దపిల్లలకు చిన్నపిల్లల్ని అప్పజెప్పి పంపేవారు. పిల్లలు పండక్కి ఇంటికి పోవాలా వద్దా అన్నది అక్కడ ఎవరికీ ఒక ప్రశ్నగా తోచలేదు. ఆ బోర్డింగుకు ఉన్నది ఒక మేట్రన్, ఇద్దరు వంటమనుషులు, ఒక కాపలా మనిషి. మీకు సొంత బస్సులున్నాయి, యాప్‌లున్నాయి, వేలిముద్ర యంత్రాలున్నాయి, అంతస్తుకో ఇన్‌ఛార్జి ఉన్నాడు. ఆమెకు సాధ్యమైంది మీకెందుకు సాధ్యం కావడం లేదు?

ఇది తల్లుల మమకారం కింద కొట్టేయకండి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆ ప్రాంతంలోని ముఖ్యమైన పండగలకు పిల్లలు కుటుంబంతో గడిపేలా, మనసుకు బలం పుంజుకునేలా సెలవులు అమర్చాలని ఉంది. వారాంతపు సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదని కూడా ఉంది. మాది కోచింగ్ సెంటర్ కాదు, కాలేజీ అంటారా? మరి పొద్దున్నే లేపింది మొదలు రాత్రి పడుకోబెట్టేదాకా జేఈఈ, నీట్ పేరుతో మీరు చెప్పేది ఏమిటి? ప్రకటనల్లో కోచింగ్, నిబంధనల దగ్గర కాలేజీ, ఈ రెండూ ఎట్లా కుదురుతాయి? 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి విద్యాసంస్థలన్నింటికీ, హాస్టళ్లకూ కలిపి ఆదేశాలు ఇచ్చింది. ఆ కేసు మొదలైంది మన విశాఖపట్నంలో, నీట్ కోచింగ్ కోసం వచ్చిన ఒక బిడ్డ చావుతో. ఆ తల్లిదండ్రుల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు చేతులు చల్లబడతాయి. మీకు?

తెలంగాణ ప్రభుత్వం కొన్నేళ్లుగా డిసెంబరు 26ను కూడా సాధారణ సెలవుల్లో చేర్చుతోంది. ఆంధ్రాలో 24, 26 తేదీలు ఐచ్ఛిక సెలవులు. మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగిందే 1924లో క్రిస్మస్ రోజున. అప్పటినుంచి డిసెంబరు 25న చుట్టుపక్కల జిల్లాల జనం పిల్లా జెల్లాతో అక్కడికి చేరుతూనే ఉన్నారు. ఇది ఊరూ వాడా ఎరిగిన పండగ. మీ క్యాలెండర్లో దానికి ఒక్క గడి, ఆ గడిలో మళ్లీ స్టడీ అవర్స్.

తప్పు మీ ఒక్కరిదే అనను. చేర్చిన రోజున రూలు పుస్తకం చివరి పేజీలో సంతకం పెట్టింది మేమే. పక్కింటి అబ్బాయి ర్యాంకు చూసి భయపడి పెట్టాం. గేటు దగ్గర డబ్బా వెనక్కి ఇస్తే గట్టిగా మాట్లాడకుండా బస్సెక్కింది కూడా మేమే, ఆ కోపం పాప మీద చూపిస్తారేమోనని. బిడ్డను మీ దగ్గర పెట్టిన తల్లి మీతో మాట్లాడటానికి భయపడే పరిస్థితి మంచిదేనా? దాన్ని మార్చే శక్తి మీ చేతుల్లో ఉందా, మా చేతుల్లో ఉందా?

నా విన్నపం ఇది. డిసెంబరు 24 మధ్యాహ్నం భోజనాలైన దగ్గర్నుంచి 26 సాయంత్రం దాకా, వెళ్తామన్న ప్రతి విద్యార్థినీ పంపండి. ఏ మతమని అడగకండి. 27న పరీక్ష పెట్టకండి. ఆ మూడు రోజుల్లో కొత్త పాఠం మొదలుపెట్టకండి. ఇంటికి వెళ్లారని సెక్షన్ మార్చకండి. దూరాభారం వల్ల వెళ్లలేని పిల్లల కోసం గేటు తెరిచి ఉంచండి. వచ్చిన తల్లిని, ఆమె తెచ్చిన డబ్బాను లోపలికి రానివ్వండి. రంజాన్‌కు కూడా ఇట్లాగే చేయండి. దీనికి మీ బోర్డు మీటింగు అక్కర్లేదు, మీలో ఒక్కరు సంతకం పెడితే చాలు. ఒక్క కాలేజీ మొదలుపెడితే మిగతావాళ్లు వెనకబడిపోతామన్న భయం మీకు ఉండొచ్చు. అందుకే ఈ లేఖ అందరికీ కలిపి రాశాను. అందరూ కలిసి ఇవ్వండి.

ఈ డిసెంబరు 24న మధ్యాహ్నం ఒంటిగంటకు నేను మా అమ్మాయి కాలేజీ గేటు దగ్గర ఉంటాను. ఈసారి డబ్బా తీసుకురావడం లేదు. వెదురు బొంగు చీల్చి బద్దలు వసారాలో ఆరబెట్టారు మావారు. చట్రం కట్టి ఉంచారు. ఎరుపు, పసుపు కాగితాలు తెచ్చాం. అతికించొద్దని చెప్పాను. రెండింటి బస్సు అందితే చీకటి పడకముందే పాప ఆ పని పూర్తిచేయగలదు.

ఇట్లు,
ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని తల్లి,
సత్తెనపల్లి మండలం, పల్నాడు జిల్లా